కోల్డ్ లాంచ్ రూల్: మూడేళ్లు ఆడాక

తలో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ ఆడే ఈ అంతరిక్ష ఆట (రోల్‌ప్లేయింగ్ గేమ్) గురించి, దాని డైస్ పద్ధతి గురించి చాలామంది ఇప్పటికే రాసేశారు. మా గుంపులో ఆట నడిపించేది నేను. నేను చెప్పేది ఒక్క రూల్ గురించే. అణు ఇంజిన్ ఉన్న నౌకని కూడా నేలమీంచి మామూలు కెమికల్ రాకెట్‌తోనే పంపాలి. సురక్షితమైన ఎత్తు చేరేదాకా రియాక్టర్ వెలిగించకూడదు. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు మండింది. అణు నౌక అని ఊరించి, లాంచ్ రోజున రియాక్టర్ జోలికి పోవద్దంటే ఇక ఆడేదేముంది?

మూడో లాంచ్‌లో తెలిసొచ్చింది. అమెరికాలోని కేప్ కెనావెరల్ నుంచి లేచిన మా నౌక 1,200 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లాలి. డైస్ మీద రెండు పడింది, పై స్టేజి మధ్యలోనే ఆగింది, నౌక 210 దగ్గర చిక్కుకుంది. అక్కడుండే కాస్త గాలికే రోజూ కొంచెం కిందికి దిగుతూ ఉంటుంది. అణు ఇంజిన్‌కి కావాల్సిన మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఆవిరైపోతోంది. రియాక్టర్ వెలిగిస్తే గండం గట్టెక్కవచ్చు. వెలిగించాక మొరాయిస్తే?

ఇక్కడ నేను ఆట ఆపి కాసేపు పాఠం చెప్పాల్సి వచ్చింది. ఇంకా నడవని రియాక్టర్‌లో ఉండేది తాజా యురేనియం, దాని పక్కన నిలబడి పని చేసుకోవచ్చు. ఒకసారి నడిచిందంటే లోపల చేరే విచ్ఛిత్తి శకలాల (యురేనియం పరమాణువులు చీలగా మిగిలే ముక్కల) రేడియేషన్‌కి దగ్గరికి కూడా పోలేం. 1978 జనవరిలో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 నడిచిన రియాక్టర్‌తో సహా కెనడా ఉత్తరాన పడితే, నెలల తరబడి ముక్కలు ఏరారు. కెనడా 60 లక్షల డాలర్లు అడిగింది, చేతికొచ్చింది 30 లక్షలు.

"అక్కడ మనుషులు తక్కువ కదా, సరిపోయింది" అన్నాడు డాలస్ నుంచి ఆడే మా బావమరిది, తేలిగ్గా. నేను ప్రపంచ పటం షేర్ చేసి నౌక దారి గీశాను. కెనావెరల్ నుంచి నేరుగా తూర్పుకి వదిలితే భూమధ్యరేఖకి అటూ ఇటూ 28.5 డిగ్రీల మధ్యే తిరుగుతుంది, ఆ కోణాన్నే ఇంక్లినేషన్ అంటారు.

"బావా, ఈ గీత ఒంగోలు మీంచి పోతోందేంటి?"

వాళ్లిల్లు, అంటే మా అత్తారిల్లు, అక్కడే.

తర్వాత రెండున్నర గంటలు ఎవరూ డైస్ ముట్టుకోలేదు. రియాక్టర్ ఇంజనీర్ పాత్ర బావమరిదిదే, రియాక్టర్ వెలిగించే కంట్రోల్ డ్రమ్ములు తిప్పాల్సింది వాడే. కెప్టెన్ ఆర్డర్ వేశాడు, వీడు తిప్పనన్నాడు. ఆఖరికి అందరూ క్యాప్సూల్‌లో దిగొచ్చేశారు. చిన్న థ్రస్టర్లలో మిగిలిన ఇంధనంతో నౌకని, రియాక్టర్ వెలిగించకుండానే, పసిఫిక్‌లో పడేశారు. పద్నాలుగు నెలలు ఆడి కూడబెట్టుకున్న నౌక అది. కెప్టెన్‌గా ఆడే స్నేహితుడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

అప్పట్లో ఈ రూల్‌ని కనిపించినవాళ్లందరి దగ్గరా పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించాలి. ఆట రూల్ పుస్తకం దీనికిచ్చింది అర పేజీ. పటం నాది, కాస్మోస్ కథ నేను చెప్పింది. నాలుగో లాంచ్ నుంచి జవాబు అందరికీ తెలుసు, కాబట్టి రూల్ కాస్తా తంతుగా మారింది. కౌంట్‌డౌన్‌కి పదకొండు సార్లు డైస్ వేయమంటారు, నేను మూడుకి కుదించాను. ఇంకో చిరాకు, రియాక్టర్ నడిచాక రేడియేషన్ చుట్టూ ఒకేలా ఉన్నట్టు లెక్కేస్తారు. అలాంటి నౌకలో కవచం ఇంజిన్‌కీ సిబ్బందికీ మధ్యనే పెడతారు, బరువు తగ్గాలి కాబట్టి. దాని నీడలో ఉన్నంతవరకే క్షేమం, పక్కనుంచి వస్తే మాడిపోతాం. డాకింగ్ సీన్లకి ఎంత బాగుండేది! అది సొంతంగా రాసుకున్నాను.

మా ఐదుగురిలో ఇద్దరు ఇంజనీర్లు, మిగతా ముగ్గురికి వాదన అంటే భోజనం కన్నా ఇష్టం, శనివారం రాత్రి నాలుగు గంటలు దొరుకుతాయి. అందుకే మాకు నప్పింది. కాల్పులు, ఛేజింగులు కోరుకునే గుంపుకి ఇది నేను ఇవ్వను.

వచ్చే నెల ఆరో లాంచ్. నౌక పేరు కూడా తేలకముందే మా బావమరిది ఇంక్లినేషన్ ఎంతని అడుగుతున్నాడు.