మన సైకిల్ మోసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? రొటొరువాకి రెండు రకాలుగా వెళ్లొచ్చాక

ఆదివారం పొద్దున్నే వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో తొక్కే మా బ్యాచ్‌లో ఎవరైనా న్యూజిలాండ్ టికెట్ బుక్ చేశారంటే చాలు, మొదటి ఫోన్ నాకే వస్తుంది, "అన్నా, సైకిల్ తీస్కపోవాల్నా, ఆడనే కిరాయికి తీస్కోవాల్నా?" అని. నేను రొటొరువాకి రెండుసార్లు వెళ్లా. మొదటిసారి నా సైకిల్ అట్టపెట్టెలో పెట్టి మోసుకెళ్లా, రెండోసారి చేతులూపుకుంటూ వెళ్లి అక్కడ అద్దెకి తీసుకున్నా, కాబట్టి రెండింటిలో ఉన్న సుఖమూ తెలుసు బాధా తెలుసు. (రొటొరువా తెలీనోళ్లకి: ఊరి పక్కనే రెడ్‌వుడ్ చెట్ల అడవి, అందులో 150 కిలోమీటర్లకి పైగా సైకిల్ ట్రెయిల్స్, 2006లో మౌంటెన్ బైక్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ జరిగింది అక్కడే.)

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. నేను తీసుకున్నప్పుడు ఒక మోస్తరు మంచి ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా షాక్స్ ఉన్న) సైకిల్‌కి రోజుకి 130 న్యూజిలాండ్ డాలర్లు పడింది, అంటే మన లెక్కలో ఆరున్నర వేల దాకా. నాలుగు రోజులకి 26 వేలు, సరే అనుకోవచ్చు, కానీ పన్నెండు రోజులంటే 78 వేలు, ఆ డబ్బుతో ఇక్కడ ఒక హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే షాక్స్ ఉన్న సైకిల్) వచ్చేస్తుంది. సొంతది తీసుకెళ్తే విమానం ఖర్చు ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది, కొన్ని సైకిల్‌ని మామూలు చెక్-ఇన్ బ్యాగేజీలోనే లెక్కేస్తాయి, కొన్ని స్పోర్ట్స్ సామాను అని విడిగా వసూలు చేస్తాయి. అందరూ బరువు ఒక్కటే చూసుకుని సైజు దగ్గర దొరికిపోతారు. మామూలు బ్యాగుకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లే చాలాచోట్ల పరిమితి, సైకిల్ పెట్టె ఏదైనా 230కి అటూఇటూ ఉంటుంది, కాబట్టి సైకిల్‌కి ఈ సైజులో మినహాయింపు ఉందా లేదా అన్నది టికెట్ కొనకముందే చూసుకోవాలి, ఫోన్లో చెప్పారు అని కాకుండా మెయిల్‌లో రాయించుకుని ప్రింట్ తీసి పెట్టుకోండి. ఈ-బైక్ ఉన్నోళ్లు అసలు ఆలోచించకండి, 160 వాట్-అవర్స్ దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో తీసుకెళ్లనివ్వరు, వాటి బ్యాటరీలు మామూలుగా అంతకన్నా చాలా పెద్దవి.

ఇక తీసుకెళ్లాలని డిసైడైతే దేంట్లో పెట్టాలి? హార్డ్ కేస్ చూడ్డానికి భలే ఉంటుంది, కానీ ఖాళీదే పది కిలోల పైన తూగుతుంది, నా సైకిల్ 14.5 కిలోలు, రెండూ కలిపితే 23 కిలోల బరువు పరిమితి దాటిపోయింది అక్కడికక్కడే. చక్రాలున్న సాఫ్ట్ బ్యాగ్ ఎనిమిది తొమ్మిది కిలోలు, అంటే సరిగ్గా గీత మీద నిలబడతాం, ఎయిర్‌పోర్టులో లాక్కెళ్లడానికి మాత్రం దాన్ని మించింది లేదు, అయితే ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అట్టపెట్టె సైకిల్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు, నాలుగైదు కిలోలే, మిగిలిన మూడు కిలోల్లో హెల్మెట్, షూస్, మోకాలి ప్యాడ్స్ కూడా దూరిపోతాయి. ఏడాదికి రెండుమూడు సార్లు ఎగిరేవాళ్లు బ్యాగ్ కొనుక్కోండి, నాలాగా మూడేళ్లకోసారి వెళ్లేవాళ్లకి అట్టపెట్టే మేలు. దానికున్న జబ్బు ఒక్కటే, తడిస్తే అప్పడం.

ప్యాకింగ్‌లో నేను చేసిన తప్పు చెప్తా. పెడల్స్ విప్పా (ఎడమది ఉల్టా తిరుగుతుంది, మర్చిపోయి బలం పెడితే థ్రెడ్ పోతుంది), హ్యాండిల్ బార్ విప్పి పక్కకి కట్టా, చక్రాలు తీశా, టైర్లలో కొంచెం గాలి వదిలా, ట్యూబ్‌లెస్ కదా, పూర్తిగా తీసేస్తే టైర్ రిమ్ నుంచి ఊడి సీలెంట్ (లోపల పంక్చర్లు పూడ్చే ద్రవం) అంతా పెట్టెలో కారుతుంది. బ్రేక్ ప్యాడ్‌ల మధ్య అట్టముక్క మడిచి పెట్టా, లేకపోతే దారిలో లివర్ నొక్కుకుంటే పిస్టన్లు దగ్గరికొచ్చి రోటర్ (బ్రేక్ డిస్క్) మళ్లీ దూరదు. ఇన్ని చేసి వెనక డిరైలర్‌ని (గేర్లు మార్చే భాగం) మాత్రం "ఏమౌతుందిలే" అని ఫ్రేమ్‌కే వదిలేశా. ఆక్లాండ్‌లో దిగేసరికి పెట్టెకి ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది, హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) వంగింది, గేర్ మారుస్తుంటే చైన్ కటకటమని స్పోక్స్‌ని గీకుతోంది. ఒక్క యాలెన్ కీతో రెండు నిమిషాల్లో డిరైలర్ ఊడే పని, విప్పి బబుల్ ర్యాప్ చుట్టి చైన్‌స్టే (వెనక చక్రం పక్కన ఉండే ఫ్రేమ్ గొట్టం) లోపలివైపు కట్టేస్తే అయిపోయేది. ఇప్పుడు ఎవరు వెళ్తున్నా ఒక స్పేర్ హ్యాంగర్ జేబులో వేసుకుపొమ్మంటా, ఎందుకంటే అది మోడల్‌కొకటి ఉంటుంది, పరాయి ఊళ్లో అంత ఈజీగా దొరకదు.

మరి ఎయిర్‌లైన్ డబ్బులివ్వదా అంటారా. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగేజీకి ఒక మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాడే లెక్క కరెన్సీ) వరకు బాధ్యత ఉంటుంది, 2024 డిసెంబర్ 28 నుంచి ఈ లెక్క, దెబ్బతింటే ఏడు రోజుల్లోపు రాసివ్వాలి. కానీ కౌంటర్‌లో "ఇది ఫ్రాజైల్ సార్, సంతకం పెట్టండి" అని ఒక ట్యాగ్ ముందుకు తోస్తారు, పాడైతే మాకు సంబంధం లేదు అని దాని సారాంశం. నేను చూడకుండా పెట్టేశా. మూడు లక్షల సైకిలైతే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్పోర్ట్స్ సామాను కవర్ ఉందో లేదో చదువుకుని వెళ్లండి.

నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద పని కడగడం. న్యూజిలాండ్‌లో మట్టి, విత్తనం, గడ్డిపరక ఏదీ బయటినుంచి రానివ్వరు, వాడిన సైకిల్ ఉందని డిక్లేర్ చేయాల్సిందే, చేయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల ఫైన్. వికారాబాద్ ఎర్రమట్టి సంగతి తెలుసుగా, బట్టలకే వదలదు, ఇంక సైకిల్‌కి! రెండు రాత్రులు బాల్కనీలో కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో క్యాసెట్ (వెనక చక్రం గేర్లు) పళ్ల సందులు, ఫోర్క్ కింద, షూ అడుగున గీకా. అంతా అయిపోయింది అనుకుని టైర్ మీద చెయ్యి తిప్పితే వేలికి గుచ్చుకుంది, పల్లేరు కాయ! రబ్బర్‌లో సగం దిగిపోయి ఉంది, సీలెంట్ పుణ్యమా అని గాలి పోలేదు కాబట్టి ఎన్నాళ్లనుంచి ఉందో కూడా తెలీదు. ఆక్లాండ్‌లో ఆఫీసరమ్మ పెట్టె తెరిపించి టార్చ్ వేసి చూసింది కూడా సరిగ్గా టైర్లూ షూ అడుగులే, "గుడ్ జాబ్" అని పంపించింది. అద్దె సైకిలైతే ఈ గోలే లేదు, షూ ఒక్కటి కడుక్కుంటే సరి.

అట్లని అద్దెది అంతా హాయి కాదు. సెలవుల్లో సైజు దొరకదు, నాకు మీడియం కావాలంటే లార్జ్ ఇచ్చారు, మొదటి రోజంతా ఎవరి చొక్కానో వేసుకున్నట్టుంది. సస్పెన్షన్ నా బరువుకి సెట్ చేసుకోవడానికే ఒక పూట పోయింది. బ్రేకులు మాత్రం మనలాగే కుడిచెయ్యి ముందు చక్రానికి ఉంటుంది, అదే ఫ్రాన్స్ వెళ్తే ఎడమకి మారిపోతుంది, దిగుడులో కంగారుపడి తప్పు బ్రేక్ పట్టారంటే సైకిల్ మీదనుంచి ఎగిరి పడతారు.

నా లెక్క ఇది. అయిదు రోజుల్లోపు ట్రిప్, లేదా పక్కన పెళ్లాం పిల్లలు, నాలుగు సూట్‌కేసులు ఉంటే అద్దెకే తీసుకోండి, సొంత హెల్మెట్, షూస్, పెడల్స్ మాత్రం బ్యాగులో వేసుకోండి, సగం అలవాటు పాదాల్లోనే ఉంటుంది. పది రోజులు దాటితే, ఒక్కరే వెళ్తుంటే, మోసుకెళ్లండి. మధ్యలో ఉన్నోళ్లు శంషాబాద్ వెళ్లే క్యాబ్ గురించి ఆలోచించి తేల్చుకోండి, మామూలు కారులో ఆ పెట్టె పట్టదు, నేను తెల్లవారుజామున రెండింటికి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెనకాల పెట్టెని పట్టుకుని కూర్చుని వెళ్లా.

ఇంకోటి మర్చిపోయా. వెళ్లేటప్పుడే శంషాబాద్ కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, ఫ్రేమ్ నంబర్, బిల్లు చూపిస్తే ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు "కొత్తదా, అక్కడ కొన్నారా?" అని అడిగారు, కాగితం చూపించా, అప్పటికీ అనుమానంగా చూస్తుంటే పెట్టె మూత ఎత్తి ఆ వంగిన హ్యాంగర్ చూపించా. నవ్వి పొమ్మన్నారు.