సుషిమా సైడ్ టేల్స్: జపనీస్ ఆడియోనా, ఇంగ్లిషా?

ఘోస్ట్ ఆఫ్ సుషిమా అనే సమురాయ్ వీడియోగేమ్ మొదలెట్టిన ప్రతివాడూ ఇదే అడుగుతున్నాడు, ఆడియో జపనీస్ పెట్టాలా ఇంగ్లిష్ ఉంచేయాలా అని. మెయిన్ స్టోరీకైతే మీ ఇష్టం. తేడా తెలిసేది మెయిన్ స్టోరీ పక్కన వచ్చే చిన్న కథల్లో, అంటే సైడ్ టేల్స్‌లోనే, అందులోనూ యురికో టేల్స్‌లో.

జపాన్ కథ కాబట్టి ఇంగ్లిష్‌ది డబ్బింగ్ అనుకుంటారు గానీ, చేసింది అమెరికా స్టూడియో సకర్ పంచ్, మోక్యాప్ (నటుల కదలికల్ని రికార్డ్ చేసి గేమ్ బొమ్మలకి పెట్టడం) అంతా ఇంగ్లిష్‌లోనే. అందుకే 2020లో ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో జపనీస్ పెడితే పెదాలు ఒక దారి, మాట ఒక దారి. 2021 డైరెక్టర్స్ కట్‌లో పీఎస్5కి జపనీస్ లిప్ సింక్ ఇచ్చారు, ఆ గొడవ పోయింది.

యురికో అంటే హీరో జిన్‌ని పెంచినావిడ. ఇప్పుడు పెద్దదైపోయింది, మతిమరుపు ముదురుతుంటుంది, ఉన్నట్టుండి జిన్‌ని చూసి వాళ్ళ నాన్న అనుకుని మాట్లాడేస్తది. ఇందులో చాలా మాటలు గుర్రాల మీద పోతుంటే వచ్చేవే, మన కళ్ళు దారి మీద ఉంటాయి, కింద సబ్‌టైటిల్ చదివేలోపు ఆవిడ తడబడి ఆగిన చోటు దాటిపోతుంది, ఆ తడబాటే కదా అసలు సీను! ఇంగ్లిష్‌లో అది నేరుగా చెవిన పడుద్ది. జిన్‌కి డైసుకే సుజీ గొంతు, ఆవిడకి నిజం చెప్పాలా వద్దా తేల్చుకోలేని పిల్లాడిలా వినిపిస్తాడు. జపనీస్‌లో కజుయా నకాయ్, వన్ పీస్ అనిమేలో జోరో గొంతు. విలన్ ఖాన్ ఎదురుగా ఉన్నప్పుడు ఆ దర్జాకి రోమాలు నిక్కబొడుచుకుంటాయి గానీ, ముసలావిడ పక్కన నాకైతే కొడుకు కాదు, దొర కనిపించాడు.

యాకుజా గేముల్లో లెక్క తిరగబడుద్ది. వాటి సైడ్ కథల్లో, అంటే సబ్‌స్టోరీల్లో ఎక్కువ టెక్స్ట్ బాక్సులే, బటన్ నొక్కేదాకా ఆగుతాయి, చదవడానికి తొందరేం లేదు. ఎంత పిచ్చి సిట్యుయేషన్ అయినా హీరో కిర్యూ సీరియస్‌గానే ఉంటాడు, కామెడీ అంతా అక్కడే, దానికి జపనీస్ ఆడియోలోని టకాయా కురోడా గొంతే కావాలి. అదే సిరీస్‌లో 2020 లైక్ ఎ డ్రాగన్‌లో హీరో ఇచిబాన్ ఇంగ్లిష్ మాత్రం బాగుంది, వాగుడుకాయ కదా, సరిపోయింది.

ఫ్రెంచ్, స్పానిష్ లాంటివి మనకెందుకు. సుషిమాని కురొసావా మోడ్‌లో (పాత జపాన్ సినిమాల్లా బ్లాక్ అండ్ వైట్‌లో) ఆడేవాళ్ళకి జపనీసే, వాదన లేదు. పగతో తిరిగే మసాకో టేల్స్‌లో ఎటూ కోపమే ఎక్కువ, ఏదైనా నడిచిపోద్ది. యురికో దగ్గరికి వెళ్ళేముందు మాత్రం సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్‌కి మార్చేయండి, అయ్యాక మళ్ళీ జపనీస్ పెట్టుకోండి, ఎవరొద్దన్నారు.