అంగన్‌వాడీలో మా మనవరాలి తూకం

ముప్పై రెండేళ్లు అంబాజీపేట మార్కెట్లో కాటా దగ్గర నిలబడినవాణ్ణి. కురిడీ అయినా ఎండుకొబ్బరి అయినా, ఖాళీ గోనె తూకం తీసేశాకే లెక్క చెప్పేవాణ్ణి. అలాంటివాడు పసిపిల్లల తూకం గురించి రాస్తే కాస్త చాదస్తం ఉంటుంది, సర్దుకోండి. బిర్యానీ హోటళ్లకీ సెల్‌ఫోన్లకీ జనం పేజీలకు పేజీలు రివ్యూలు రాస్తున్నారు. వీధిలో సగం ఇళ్లకి అవసరమైన అంగన్‌వాడీకి ఒక్కరూ రాయరు. అందుకని నేను మొదలుపెట్టాను. ఊరి పేరు మాత్రం చెప్పను. పి.గన్నవరం అవతల ఒక లంక ఊరు అనుకోండి. నా రాతల వల్ల టీచరమ్మకి మాట రాకూడదు.

మా అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. కోనసీమలో ఇదేం వింత కాదు, మా వీధిలోనే మరో ఇద్దరున్నారు. వెళ్లేనాటికి పిల్లకి 15 నెలలు, 8.4 కిలోలు. తల్లిపాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. రోజూ రాత్రి వీడియో కాల్‌లో మా అమ్మాయి అడిగే మొదటి మాట "నాన్నా, తిందా?", రెండోది "ఎంతుంది?" రెండోదానికి జవాబు అంగన్‌వాడీ నుంచే రావాలి. నెలకోసారి తూచి పుస్తకంలోనూ ఫోన్‌లోనూ ఎక్కిస్తారు కదా.

మా ఇంటావిడే తీసుకెళ్లి తెచ్చేది. పోయిన సెప్టెంబరులో ఆవిడకి మోకాళ్లు పట్టేసి నేను వెళ్లాను. పిల్లకి 21 నెలలు. ఆయమ్మ ఎత్తి మిషన్ మీద కూర్చోబెట్టింది, టీచరమ్మ చదివింది: 8.7. ఫోన్‌లో పచ్చరంగు. "బాగానే ఉంది బాబాయిగారూ, తీసుకెళ్లండి" అంది.

నా కాళ్లు కదల్లేదు. మిషన్ చాప మీద ఉంది. మెత్తటి దాని మీద పెట్టిన కాటా నిజం చెప్పదు. పిల్ల ఒంటి మీద కుచ్చుల గౌను, కాళ్లకి వెండి పట్టీలు, కింద తడిసి బరువెక్కిన డైపరు. "అమ్మా, ఏమీ అనుకోకపోతే ఒక్కసారి గచ్చు మీద పెట్టి చూద్దామా?" అన్నాను. ఆవిడ ముఖం మాడింది. వెనక ఎనిమిది మంది తల్లులు నిలబడి ఉన్నారు మరి. అయినా పెట్టింది. అన్నీ విప్పేసి, మిషన్ సున్నా చూపించాక కూర్చోబెడితే 8.4.

21 నెలల ఆడపిల్ల 8.6 కంటే తగ్గితే వాళ్ల ఎదుగుదల పట్టికలో పచ్చ పోయి పసుపులో, అంటే తూకం తక్కువ లెక్కలో, పడుతుందట. నడిమి తూకం 10.9. కొబ్బరి బస్తాలో మూడు వందల గ్రాములంటే తరుగులో కొట్టుకుపోయే సంగతి. ఇక్కడ ఆ మూడు వందలే రంగు మార్చేశాయి. నా చేత్తో నేనే మనవరాల్ని పసుపులోకి దింపుకున్నాను. పైగా తల్లి వెళ్లినప్పుడూ 8.4, ఆరు నెలల తర్వాతా 8.4. మధ్య నెలల్లో పుస్తకంలో 8.5, 8.6, 8.6 అని ఉన్నాయి. అందులో పట్టీలెంతో డైపరెంతో ఎవరికి తెలుసు?

ఎత్తు దగ్గర దీనికి తలకిందులు. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలవాలి. దానికి ఒక కొలబల్ల ఇచ్చారు. అది బీరువా మీద, దాని మీద బియ్యం సంచి. దింపే ఓపిక లేక చాప మీద పడుకోబెట్టి టేపు పట్టారు. పిల్ల మోకాళ్లు ముడుచుకుని గింజుకుంటోంది. 74 సెంటీమీటర్లు. అది ఎక్కించగానే వయసుకు తగ్గ ఎత్తు లేదు, అదీ మరీ బాగా తక్కువ అని ఫోన్ చూపించింది. ఆ రాత్రి మా అమ్మాయికి ఈ సంగతి చెప్పి పెద్ద తప్పు చేశాను. అక్కడ మా అమ్మాయి ఏడుపు, ఇక్కడ మా ఇంటావిడకి టెన్షన్. మూడోరోజు నేనే వెళ్లి బియ్యం సంచి దింపాను. ఆయమ్మ తల పట్టుకుంది, టీచరమ్మ మోకాళ్లు మెల్లగా అదిమి పాదాల దగ్గర చెక్క జరిపింది. 79.5. ఆ వయసు ఆడపిల్లకి 77.5 దాటితే భయం లేదట. ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు, ఇద్దరు పట్టాల్సిందే. జబ్బ చుట్టూ కట్టే రంగుల టేపు కూడా కట్టి చూశారు, 12.8 సెంటీమీటర్లు. అందులో 12.5 కంటే తగ్గితే పసుపు, 11.5 కంటే తగ్గితే ఎరుపు. ఎరుపు వస్తే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఇంతవరకు చదివి మా అంగన్‌వాడీ బాగోలేదని రాస్తున్నాననుకుంటే ఆగండి. అసలు సర్వీసు తూకం అయ్యాక చూశాను.

ఆ వారంలోనే ఒకరోజు కేంద్రం మూసేసి, సాయంత్రం నాలుగు దాటాక టీచరమ్మ మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుని మా ఇంటావిణ్ణి ఒక్కొక్కటే అడిగింది. "పిన్నిగారూ, పొద్దున లేవగానే ఏం ఇస్తారు?" టీ, బిస్కెట్టు. "మధ్యాహ్నం?" చారన్నం, మెత్తగా పిసికి. "సాయంత్రం?" కొట్లో ఐదు రూపాయల ప్యాకెట్. "గుడ్లు ఇస్తున్నాం కదండీ, అవో?" మా ఇంటావిడ నావైపు చూసింది. పాపం ఆవిడ చెప్పదు, నేనే చెప్పేశాను. ఆయ్, సగం గుడ్లు కూరలో పడి నా కంచంలోకే వచ్చేవండి. పిల్ల కోసం ఇచ్చిన పాలతోనే టీ. బాలామృతం మాత్రం పిల్లకే, అదీ నీళ్లలా జారుగా కలిపి.

టీచరమ్మ తిట్టలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. మూడుసార్లు కాదు, ఐదుసార్లు పెట్టండి, కొంచెం కొంచెం. బాలామృతంలో వేయించిన గోధుమ, శెనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె ఉన్నాయి, చెంచాకి అంటుకునేంత చిక్కగా కలపండి. చారు మానేసి ముద్దపప్పు, దాని మీద చెంచా నెయ్యి. ఆ పొట్టలో పట్టేదే గుప్పెడు, ఆ గుప్పెడూ నీళ్లతో నింపేస్తే ఎలా పిన్నిగారూ అంది. డాక్టర్ల దగ్గర కూడా ఇంత సూటిగా వినలేదు. టీ మాన్పించడానికి పది రోజులు పట్టింది, పిల్లకి కాదు, మా ఇంటావిడకి.

విసుగెత్తించిన ముచ్చట ఇంకొకటుంది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకులకి ముఖం చూపించాలన్నారు. మా పిల్ల పేరుకి తల్లి ముఖం కట్టేశారు. తల్లేమో కువైట్‌లో. టీచరమ్మ నా ఫోన్‌లో వీడియో కాల్ పెట్టించి, దాని ఎదురుగా తన ఫోన్ పట్టింది. కళ్లు ఆర్పమని అడిగింది యాప్. మా అమ్మాయి అక్కడ టపటపా ఆర్పుతోంది, ఇక్కడ యాప్ ఒప్పుకోదు. గుమ్మంలో ఉన్నవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. తల్లి బదులు అమ్మమ్మ ముఖం పెట్టడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు సరుకుల్లేవు. తూకం ఉన్నచోటే ఉండిపోవడంలో నా గుడ్ల వాటా ఎంతుందో, దీని వాటా కూడా ఉంది. వలస వెళ్లిన తల్లులు ఇంతమంది ఉన్న చోట ఈ సంగతి పైవాళ్లకి ముందే తట్టాలి.

మా మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఫోన్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూపించాడు. ఆ సర్వేవాళ్లు వేరే, వాళ్ల కొలత వేరే, కొన్ని ఇళ్లు ఎంచుకుని వచ్చి చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 2015-16లో 31.4 శాతం, 2019-20లో 31.2. రక్తహీనత ఉన్న పిల్లలు 58.6 నుంచి 63.2కి పెరిగారు. అన్నపూర్ణ అని పేరున్న గోదావరి డెల్టాలో కూర్చుని ఇది చదివితే అన్నం సహించదు. కొలవడానికి యాప్‌లు, మిషన్లు, టేపులు అన్నీ వచ్చాయి. అరుగు మీద కూర్చుని ఏం పెడుతున్నారని అడిగే గంట మాత్రం టీచరమ్మకి ఎవరూ మిగల్చడం లేదు. పొద్దున తొమ్మిదికి తీసింది మొదలు ఫొటోలు, రిజిస్టర్లు, సిగ్నల్ కోసం గుమ్మంలోకి పరుగులు. వరదకి కాజ్‌వే మునిగిందంటే ఆ నెల తూకం ఎలాగూ లేదు. 2023 డిసెంబరులో వీళ్లు 42 రోజుల సమ్మె మొదలుపెట్టినప్పుడు మా పిల్ల పుట్టింది. బాలింతకి గుడ్లు రాలేదని నేనూ నాలుగు మాటలన్నాను. ఇప్పుడైతే అననేమో.

మార్కెట్లో మా ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, లేకపోతే జరిమానా. పిల్లల మిషన్‌కి ముద్ర ఏదమ్మా అంటే టీచరమ్మ నవ్వేసింది. అందుకని తూకం రోజు మార్కెట్ నుంచి ముద్ర ఉన్న ఐదు కిలోల రాయి అడిగి పట్టుకెళ్తున్నాను. మొదటి నెల "మా మీద నమ్మకం లేదా బాబాయిగారూ?" అంది. రెండో నెల ఆవిడే "రాయి తెచ్చారా?" అని అడిగింది. రాయి పెడితే 5.0 రావాలి, వచ్చాకే పిల్లలు. చాప తీసేశారు. కొలబల్ల బీరువా మీద నుంచి కిందికి దిగింది.

స్టార్లు ఇవ్వమంటే తూకానికి రెండు, ముఖం యాప్‌కి సున్నా, టీచరమ్మ ఇంటికొచ్చిన ఆ గంటకి ఐదు. తీసుకెళ్లేవాళ్లు పట్టీలు ఇంట్లోనే తీసేసి, పొడి గుడ్డ కట్టి తీసుకెళ్లండి.

డిసెంబరు తూకంలో పిల్లకి రెండేళ్లు నిండాయి. గౌను లేకుండా, గచ్చు మీద, 9.3. ఆ వయసుకి 9 దాటితే పచ్చ. ఆ రాత్రి మా అమ్మాయి "నిజం తూకమేనా నాన్నా?" అంది. రాయి పెట్టి చూశానని చెప్పాను.