కడుపు ఆపరేషన్ అయినవారి కోసమంటూ అమ్మే ఆ పౌడర్ కొనకండి

జీర్ణాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన మనిషి మీ ఇంట్లో ఉంటే, బలానికని ఏ డబ్బా అయినా కొనే ముందు ఇది చదవండి.

మా నాన్నగారికి జీర్ణాశయం మొత్తం తీసేసి, అన్నవాహికను చిన్నపేగుకు కలిపారు. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు. ఆ బెంగలో ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. కడుపు ఆపరేషన్ అయినవారికి ప్రత్యేకమట, చక్కెర లేదట, పేగులకు బలమట, విటమిన్ బీ12 ఇంజెక్షన్ ఇక అక్కర్లేదట. రెండు డబ్బాలకు 3,800 రూపాయలు కట్టాను.

మొదటి రోజు రెండు చెంచాలు గ్లాసుడు నీళ్లలో కలిపి ఇచ్చాను. పావుగంట తిరగకముందే నాన్నగారి నుదురంతా చెమట పట్టింది. గుండె దడ, కడుపులో మెలిపెట్టే నొప్పి, వెంటనే విరేచనాలు. మంచం పట్టె గట్టిగా పట్టుకుని "నాకేదో అవుతోందిరా" అన్నారు. కాస్త తేరుకున్నారనుకుంటే, రెండు గంటల తర్వాత చేతులు వణకడం మొదలైంది. షుగర్ చూస్తే 58.

ఆసుపత్రి డైటీషియన్‌కు ఫోన్ చేస్తే దీన్ని డంపింగ్ అంటారని చెప్పారు. కడుపు ఉంటే తిన్నదాన్ని కొద్దికొద్దిగా కిందికి వదులుతుంది. అది లేనప్పుడు తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి, ఒంట్లోని నీటిని అక్కడికి లాగుతుంది. ఆ తర్వాత ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై చక్కెర పడిపోతుంది.

చక్కెర లేదన్నారు కదా అని డబ్బా తిప్పి చూశాను. 'చక్కెర లేదు' అన్నది ఒక స్టిక్కర్. అంచు లేచి ఉంటే గోటితో లాగాను. దాని కింద అసలు పట్టిక ఉంది: మొదట మాల్టోడెక్స్ట్రిన్ (పిండి నుంచి తీసే, ఒంట్లో త్వరగా చక్కెరగా మారే పొడి), తర్వాత చక్కెర. ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్నే ముందు రాయాలన్నది నిబంధన. ప్రొటీన్ వంద గ్రాములకు తొమ్మిది గ్రాములే. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరును వెతికితే ఎవరో మసాలా పొడుల వ్యాపారి పేరు వచ్చింది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది బీ12 మాట. ఆహారంలోని బీ12 ఒంటికి పట్టడానికి కావలసిన పదార్థం తయారయ్యేది జీర్ణాశయంలోనే. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. ఏళ్లు గడిచాక రక్తహీనత, పాదాల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. నరాలు బాగా దెబ్బతింటే పూర్తిగా కోలుకోకపోవచ్చు. డాక్టర్ రాసిన బీ12 ను ఏ పౌడర్‌నూ నమ్మి ఆపకండి. కీమో జరుగుతున్నవారు 'మంచి బ్యాక్టీరియా' పొట్లాలు కూడా డాక్టర్‌ను అడగకుండా వాడవద్దు. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు, అరుదుగానైనా, అవే ఇన్ఫెక్షన్ తేవచ్చు.

అమ్మినవారు సీల్ తీసిన డబ్బా వెనక్కి తీసుకోబోమన్నారు. గట్టిగా అడిగితే నా నంబరును బ్లాక్ చేశారు. వారి ప్రకటనలో క్యాన్సర్ నయమవుతుందని కూడా ఉంది. అలాంటి ప్రకటనలను మందులు, మాయా చికిత్సల ప్రకటనలపై ఉన్న 1954 చట్టమే నిషేధించింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

నాన్నగారు ఇప్పుడు రోజుకు ఏడుసార్లు కొద్దికొద్దిగా తింటున్నారు. ఒక ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, మెత్తటి పప్పన్నం, తీపి కలపని పెరుగు. నీళ్లు మాత్రం తిన్న అరగంట తర్వాతే. ఈ నెల బరువు తగ్గలేదు.

రెండో డబ్బాను సీల్ తీయకుండా ఫిర్యాదు కోసం దాచాను. మీకూ ఇలాంటిది వచ్చి ఉంటే, స్టిక్కర్ లాగే ముందే ఫోటో తీసి పెట్టుకోండి. నేను మొదటి డబ్బాకు ఆ పని చేయలేదు.