సెకండ్ హ్యాండ్ వండర్‌స్వాన్: మూడు మోడళ్లలో ఏది కొనదగినది?

అరుదైన పాత గేమ్ కన్సోళ్లను సెకండ్ హ్యాండ్‌లో వెతికి కొనేవారికి ఒక చిక్కు తప్పదు. దొరకడం కష్టమైన వాటిలో ఎక్కువ భాగం ఆడడానికి పనికిరానివే. అవి మార్కెట్లో ఓడిపోవడానికి తగిన కారణాలే ఉన్నాయి. 1996లో బందాయ్ సంస్థ ఆపిల్‌తో కలిసి జపాన్‌లో 64,800 యెన్‌లకు అమ్మకానికి పెట్టిన పిప్పిన్ అందుకు మంచి ఉదాహరణ. అల్మరాలో పెట్టుకుంటే చూసినవారు ఇదేమిటని అడుగుతారు, అంతకుమించి దానితో చేయగలిగింది తక్కువ. అదే బందాయ్ మూడేళ్ల తర్వాత 4,800 యెన్‌లకు తెచ్చిన చేతి కన్సోల్ వండర్‌స్వాన్ మాత్రం, అమ్మకాల్లో నింటెండోకు దరిదాపుల్లోకి రాలేకపోయినా, ఈనాటికీ చేతిలోకి తీసుకుని ఆడదగిన యంత్రంగానే మిగిలింది. జపాన్ మార్కెట్ కోసమే తయారైనది కావడంతో బయట దీని పేరు విననివారే ఎక్కువ. దీనికి మూడు మోడళ్లున్నాయి: 1999 నాటి నలుపు తెలుపు వండర్‌స్వాన్, 2000 నాటి వండర్‌స్వాన్ కలర్, 2002 నాటి స్వాన్‌క్రిస్టల్. మూడూ నా దగ్గర ఉన్నాయి, మూడూ ఇతరులు వాడి వదిలేసినవే. కొత్తగా వెతుకుతున్నవారికి ఏది తగినదో, ఏ లోపాన్ని ఎక్కడ చూడాలో చెప్పడానికే ఈ సమీక్ష.

నింటెండో చేతి కన్సోళ్లైన గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్‌లను రూపొందించిన గుంపే యొకోయి 1996లో నింటెండోను వదిలి కోటో అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. వండర్‌స్వాన్ ఆ సంస్థ బందాయ్ కోసం చేసిన రూపకల్పన. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించారు కనుక, 1999 మార్చి 4న దుకాణాలకు చేరిన యంత్రాన్ని ఆయన చూడనేలేదు. అయినా అందులో అణువణువునా ఆయన పద్ధతే కనిపిస్తుంది: కొత్తగా వచ్చిన ఖరీదైన విడిభాగాల జోలికి పోకుండా, అప్పటికే చవకగా దొరుకుతూ నమ్మకంగా పనిచేస్తున్న వాటితో కొత్త పని చేయించడం. 1989 నాటి గేమ్ బాయ్‌కు నాలుగు ఏఏ సైజు సెల్లు కావాలి. దీనికి ఒక్కటి చాలు, ఆ ఒక్కదానితోనే ముప్పై గంటలకు పైగా నడుస్తుంది. లోపల ఉన్నది 3.072 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే 16 బిట్ల ఎన్ఈసీ సంస్థ ప్రాసెసర్. సెల్లు తీసేస్తే బరువు వంద గ్రాములు కూడా ఉండదు. చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు.

మొదటి మోడల్‌ను చేతిలోకి తీసుకున్నవారిని ముందుగా తికమక పెట్టేది బటన్ల అమరిక. ఎడమ వైపు నాలుగేసి బటన్ల గుంపులు రెండు, ఒకదాని పైన ఒకటి ఉంటాయి. అడ్డంగా పట్టుకుని ఆడే ఆటల్లో ఒక గుంపు దిశలకు సరిపోతుంది, రెండోది చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. యంత్రాన్ని నిలువుగా తిప్పి పట్టుకుంటే అసలు సంగతి బోధపడుతుంది: అప్పుడు ఒక గుంపు దిశలకు, మరొకటి చర్యలకు పనికివస్తుంది, 224×144 పిక్సెళ్ల తెర పొడవాటి స్తంభంలా మారుతుంది. కన్సోల్‌తో పాటే వచ్చిన గుంపే అనే పజిల్ ఆట ఈ అమరికకు సరిగ్గా అతికినట్టు ఉంటుంది. దానికి ఆ పేరు పెట్టింది యొకోయి గౌరవార్థమే. అడుగు నుంచి పైకి లేస్తూ వచ్చే చిన్న గీతల ముక్కలను నిలువు వరుసల్లోనే పైకీ కిందికీ మార్చుతూ, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా తెగని గీతగా కలపాలి. నియమం ఒక్క వాక్యంలో అయిపోతుంది, ఆట మాత్రం ఓ పట్టాన వదలదు. జపనీస్ ఒక్క అక్షరం రాకపోయినా ఆడవచ్చు.

ఈ మోడల్‌లో నాకు నచ్చనివి రెండు. దిశల బటన్లు విడివిడిగా ఉండటంతో మూలలకు కదలాల్సిన ఆటల్లో బొటనవేలు త్వరగా అలసిపోతుంది. తెరకు వెనుక వెలుగు లేదు. కిటికీ పక్కనో దీపం కిందో కూర్చోవాలి, కాంట్రాస్ట్‌ను అప్పుడప్పుడు సరిచేసుకుంటూ ఉండాలి. వేగంగా కదిలే బొమ్మల వెనుక మసక నీడ కూడా పడుతుంది. పజిల్ ఆటల్లో అది తెలియదు గానీ, షూటింగ్ ఆటల్లో తూటాకూ దాని నీడకూ తేడా తెలియక ఇబ్బంది పడతాం.

వండర్‌స్వాన్ కలర్ 2000 డిసెంబరు 9న 6,800 యెన్‌లకు వచ్చింది. అదే రోజున స్క్వేర్ సంస్థ తన ఫైనల్ ఫాంటసీ ఆటల వరుసలో మొదటి భాగాన్ని కొత్త బొమ్మలతో దీనికోసం విడుదల చేసింది. నింటెండోకూ స్క్వేర్‌కూ అప్పట్లో పొసగకపోవడం బందాయ్‌కు కలిసివచ్చింది. ఆ వైభవం ఎంతో కాలం నిలవలేదు. 2001 మార్చి 21న నింటెండో గేమ్ బాయ్ అడ్వాన్స్ రావడంతో జనం అటు మళ్లారు, మరుసటి ఏడాది స్క్వేర్ కూడా నింటెండో వైపు తిరిగి వెళ్లింది. చరిత్రలో దీని స్థానం ఏదైనా, మూడింటిలో నేను వద్దనేది ఈ మోడల్‌నే. 4,096 రంగుల్లో ఒకేసారి 241 చూపగల తెర అని కాగితం మీద గొప్పగా ఉన్నా, ఎదురుగా చూస్తే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, కదలికల వెనుక నీడలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సెల్లు మన్నిక కూడా ఇరవై గంటలకు పడిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా, చవకగా దొరుకుతుంది కాబట్టి కొత్తవారు దీన్నే ముందు కొంటారు. కొని, వండర్‌స్వాన్ అంటే ఇంతేనా అని పెదవి విరుస్తారు.

ఆ లోపాన్ని సరిదిద్దినది స్వాన్‌క్రిస్టల్. 2002 జూలై 12న 7,800 యెన్‌లకు వచ్చిన ఈ మోడల్‌లో టీఎఫ్‌టీ అనే మెరుగైన రకం తెర వాడారు. లోపలి చిప్ సామర్థ్యం కలర్ మోడల్‌దే, ఆటలూ అవే. అయినా రెండూ పక్కపక్కన పెట్టి ఒకే ఆట కార్ట్రిడ్జ్ పెట్టి ఆడి చూస్తే వేరే యంత్రమేమో అనిపిస్తుంది. రంగులు నిండుగా ఉంటాయి, బొమ్మ వెనుక నీడ దాదాపు లేదు. వెనుక వెలుగు దీనికీ లేదు, సెల్లు పదిహేను గంటలే వస్తుంది. నలుపు తెలుపు కార్ట్రిడ్జులు కూడా ఇందులో నడుస్తాయి కాబట్టి మొత్తం ఆటలన్నీ ఒక్క యంత్రంతో ఆడుకోదలచినవారికి వేరే ఆలోచన అక్కర్లేదు. దీన్ని కొంటే చాలు.

ఇక సెకండ్ హ్యాండ్ సరుకు సంగతి. ఇక్కడ మోడల్ ఎంత ముఖ్యమో, తెర పరిస్థితి అంతకంటే ముఖ్యం. మొదటి మోడల్‌లో పోలరైజర్ అనే పలుచని పొర కాలంతో పాటు పాడవుతుంది. సెల్యులోజ్ నుంచి తయారైన ఆ పొర వేడికీ తేమకూ విడిపోయి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అందుకే పాడైన యంత్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన ఘాటుగా తగులుతుంది. తెర మధ్యలో సిరా ఒలికినట్టు ముదురు మచ్చ మొదలై అంచుల వైపు పాకుతుంది. అమ్మేవారు పెట్టే ఫొటోల్లో తెర ఆఫ్ చేసి ఉంటే ఇది సులభంగా దాగిపోతుంది. ఆట నడుస్తుండగా, నేరుగా ఎదురు నుంచి, తెల్లని భాగం ఎక్కువగా ఉన్న దృశ్యంతో తీసిన ఫొటో అడగడం ఒక్కటే మార్గం. ఓపిక, సన్నని పని చేసే చేయి ఉన్నవారికి ఈ మచ్చ పెద్ద సమస్య కాదు: పాత పొరను ఒలిచి, జిగురును శుభ్రంగా తుడిచి, కొత్త పొరను సరైన కోణంలో కత్తిరించి అతికిస్తే తెర మళ్లీ తేటపడుతుంది. కోణం తప్పితే మాత్రం తెర మసకబారుతుంది, లేదా నలుపు తెలుపులు తారుమారవుతాయి.

నిలువుగానో అడ్డంగానో ఒక వరుస పిక్సెళ్లు పూర్తిగా మాయమైతే అది వేరే జబ్బు. తెరకూ బోర్డుకూ మధ్య ఉన్న సన్నని అతుకు ఊడటం వల్ల వచ్చే ఆ లోపాన్ని ఇంట్లో బాగు చేయడం కష్టం; అలాంటిది ఎంత చవకైనా వదిలేయడం మేలు. తెర అంచున శబ్దం స్థాయి, బ్యాటరీ పరిస్థితి వంటివి చూపే చిన్న గుర్తుల వరుస ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. నాకు వచ్చిన కలర్ యంత్రాన్ని అమ్మిన వ్యక్తి తెర నిక్షేపంగా ఉందని రాశారు. ఆట కనిపించేంత మేరకు అది నిజమే, గుర్తుల వరుసలో సగం మాత్రం వెలగదు. అబద్ధం చెప్పారని అనలేను, పూర్తి నిజం చెప్పారనీ అనలేను.

జపాన్‌లో హార్డ్ ఆఫ్ వంటి పాత సామాన్ల దుకాణాల్లో జంక్ అని రాసి విడిగా పెట్టే సరుకు ఉంటుంది. పనిచేస్తుందన్న హామీ లేదు, వెనక్కి తీసుకోరు అని దాని అర్థం. వండర్‌స్వాన్ వరకు ఆ గుట్టలో వెతకడం లాభసాటి వ్యవహారమే, ఎందుకంటే సెల్లు కారి తుప్పు పట్టిన లోహపు పట్టీలనో, బటన్ల కింద పేరుకున్న మురికినో శుభ్రం చేస్తే లేచి కూర్చునే యంత్రాలు అందులో ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మాత్రం ‘పనిచేస్తుందో లేదో చూడలేదు’ అన్న మాటను నేను ‘పనిచేయదు’ అనే చదువుకుంటాను. ఒక్క ఏఏ సెల్లు, ఏదో ఒక కార్ట్రిడ్జ్ ఉంటే తేలిపోయే విషయాన్ని ఎవరైనా చూడకుండా అమ్ముతారా? బ్యాటరీ మూత ఉందో లేదో కూడా ముందే అడగాలి. అది పోయిన యంత్రాలు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి, మూత ఒక్కటే విడిగా కొనడం చికాకు పని.

సేకరణలో ఇష్టంగా చెప్పుకోదగిన చిన్న విశేషం ఒకటుంది. ఈ యంత్రం లోపలి మెమరీలో యజమాని పేరు, పుట్టిన తేదీ, రక్తపు గ్రూపు దాచుకునే ఏర్పాటు ఉంది. సెల్లు తీసేసినా ఆ వివరాలు చెరిగిపోవు. అందువల్ల పాత యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎవరో పిల్లవాడి పేరు, రక్తపు గ్రూపు పలకరిస్తుంటాయి. కొందరు వెంటనే మార్చేస్తారు. నేను అలాగే ఉంచేశాను. ఆ వివరాలను ఫొటో తీసి ఇతరులకు చూపడం మాత్రం సబబు కాదు.

కార్ట్రిడ్జుల విషయంలో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోవాలి. కొన్నింటిలో ఆట పురోగతి బ్యాటరీ అక్కర్లేని చిప్‌లో నిలుస్తుంది; ఫైనల్ ఫాంటసీ వంటి వాటిలో లోపల సోల్డర్ చేసిన చిన్న బిళ్ల సెల్లు మీద ఆధారపడుతుంది. ఇరవై ఏళ్లు దాటిన ఆ సెల్లు ఏ రోజైనా ఆరిపోవచ్చు కాబట్టి, గంటల తరబడి సాగే ఆట మొదలుపెట్టే ముందే దాన్ని మార్పించుకోవాలి. ఆటల ఎంపికలో భాష పెద్ద అడ్డంకి. బందాయ్ చేతిలో ఉన్న గన్‌డమ్, డిజిమాన్, వన్ పీస్ కార్టూన్ కథల ఆటలు కుప్పలుగా, చవకగా దొరుకుతాయి, చాలావాటిలో జపనీస్ సంభాషణలు చదవక తప్పదు. భాష రానివారికి గుంపే, మిస్టర్ డ్రిల్లర్, క్లోనోవా మూన్‌లైట్ మ్యూజియం హాయిగా ఉంటాయి. వండర్‌విచ్ అనే కిట్‌తో సామాన్యులు కూడా సొంతంగా ఆటలు రాసుకునే వీలు ఈ కన్సోల్‌కు ఉండేది. ఆ కిట్‌తో చేసిన ఆటలకు పెట్టిన పోటీల్లోంచి వచ్చిన జడ్జ్‌మెంట్ సిల్వర్‌స్వర్డ్ అనే షూటింగ్ ఆటను 2004లో కార్ట్రిడ్జ్‌గా కొద్ది సంఖ్యలో విడుదల చేశారు. ఈ యంత్రం మీద వచ్చిన వాటిలో బహుశా అదే అత్యుత్తమం. దాని ధర ఇప్పుడు కన్సోల్ ధరకు ఎన్నో రెట్లు పలుకుతోంది, ఆ మొత్తం పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వలేను.

మూడింటిలో నేను రోజూ చేతిలోకి తీసుకునేది మాత్రం మొదటి నలుపు తెలుపు మోడలే, గుంపే ఆట కోసం. సిఫారసు అడిగితే స్వాన్‌క్రిస్టల్ అనే చెబుతాను. ఏది కొన్నా హెడ్‌ఫోన్ అడాప్టర్ కలిపి అమ్మేవారి దగ్గరే కొనడం మంచిది. ఈ యంత్రాలకు మామూలు హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, స్టీరియో శబ్దం ఆ అడాప్టర్ ద్వారానే వినిపిస్తుంది, విడిగా వెతుక్కుంటే అంత చిన్న ప్లాస్టిక్ ముక్కకు అంత ధరా అని విస్తుపోవాల్సి వస్తుంది.