ఇంట్లో ఆక్సిజన్: కాన్సన్‌ట్రేటరా, సిలిండరా?

డాక్టరు నిమిషానికి 2 లీటర్లు రాశారనుకోండి. 1,500 లీటర్ల బి టైప్ సిలిండర్ పన్నెండున్నర గంటల్లో ఖాళీ. అర్ధరాత్రి గేజ్ ముల్లు సున్నా వైపు జారుతుంటే ఇంట్లో ఎవరికీ కన్ను మూతపడదు. నాన్నగారి మంచం పక్కన ఆ రాత్రులు గడిపాను.

కాన్సన్‌ట్రేటర్ అనే మిషన్ గదిలోని గాలి నుంచే నైట్రోజన్ తీసేసి 90 శాతం పైన ఆక్సిజన్ ఇస్తుంది.

ఖర్చు: సిలిండర్‌కి మొదట తక్కువ, రీఫిల్లుకి పదేపదే. మిషన్‌కి మొదటే ఎక్కువ, తర్వాత కరెంటు బిల్లు.

శ్రమ: సిలిండర్ మోయాలి. మిషన్ ఫిల్టర్ కడగాలి.

ప్రమాదం: కరెంటు పోతే మిషన్ ఆగుతుంది. నిప్పు రెండింటి దగ్గరా ప్రమాదమే, ఆ గదిలో దీపం, అగరుబత్తి కూడా వద్దు.

నెలల తరబడి కావాలంటే మిషనే తీసుకోండి, పక్కన ఒక నిండు సిలిండర్ ఉంచండి. నాలుగు రోజులకైతే, కరెంటు నిలవని ఊళ్లో అయితే సిలిండరే.