స్విస్ ట్రావెల్ పాస్: సీమ నుంచి పోయేవాళ్లు కొనొచ్చా, వద్దా?

ఎండలు ముదిరేసరికి అనంతపురం, కర్నూలు, కడపల నుంచి స్విట్జర్లాండ్ పోయేవాళ్లలో రెండు రకాలుంటారు. గ్రూప్ టూర్‌కు డబ్బు కట్టి, వాళ్లు ఎక్కించిన బస్సెక్కి, దింపిన చోట దిగేవాళ్లు ఒక రకం. కొడుకో కూతురో మ్యూనిక్‌లోనో జూరిక్‌లోనో ఉద్యోగం చేస్తుంటే వాళ్ల దగ్గరికి పోయి, అక్కడి నుంచి సొంతంగా కొండలు చూసొచ్చేవాళ్లు ఇంకో రకం. ఈ సమీక్ష రెండో రకం వాళ్ల కోసం. స్విస్ ట్రావెల్ పాస్ అంటే ఆ దేశంలో రైళ్లు, బస్సులు, పడవలు అన్నిటికీ కలిపి ఒకే టికెట్. గ్రూపులో పోయేవాళ్లకు బస్సే ఉంటుంది కాబట్టి దాంతో పనిపడదు.

తీర్పు ముందే చెప్పేస్తే సరిపోతుంది. లూసర్న్‌లోనో ఇంటర్లాకెన్‌లోనో బస చేసి రోజుకో కొండ, రోజుకో లోయ తిరిగేవాళ్లకు ఈ పాస్ పెట్టిన డబ్బుకు మించే ఇస్తుంది. యుంగ్‌ఫ్రౌ (మనవాళ్లు జంగ్‌ఫ్రౌ అనేది), టిట్లిస్ రెండూ చూసి, మంచులో ఫోటో దిగి వచ్చేస్తే చాలనుకునేవాళ్లకు మాత్రం దండగ.

పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. వరస రోజులది ఒకటి, నెల లోపల మనకు నచ్చిన రోజులు ఎంచుకునే ఫ్లెక్స్ ఒకటి. 2024లో రెండో తరగతి 3 రోజుల వరస పాస్ 244 ఫ్రాంకులు, 4 రోజులది 295. అంటే రోజుకు 81 నుంచి 74 ఫ్రాంకులు. ధరలు మారుతుంటాయి కానీ లెక్క వేసే తీరు మారదు: ఆ రోజు తిరగబోయే టికెట్లు విడివిడిగా కొంటే ఈ మొత్తం దాటాలి, లేకపోతే పాస్ వద్దు. రైళ్లు, పసుపుపచ్చ పోస్ట్ బస్సులు, సరస్సు పడవలు, ఊళ్లలోని ట్రాములు, చాలా మ్యూజియాలు అన్నీ ఇందులోనే వస్తాయి. 16 ఏళ్లలోపు పిల్లలు అమ్మానాన్నల్లో ఒకరితో ఉంటే ఫ్యామిలీ కార్డ్ ఉచితం. అది దానంతటదే రాదు, పాస్ కొనేటప్పుడే పిల్లల పేర్లు చేర్చి అడగాలి.

తిరకాసంతా కొండల దగ్గరే. పాస్‌తో శిఖరం దాకా ఒక్క ఫ్రాంకు కట్టకుండా పోగలిగేవి రీగి, స్టాన్సర్‌హార్న్, స్టూస్. టిట్లిస్, పిలాటుస్ కొండలకు సగం ధర కట్టాలి. షిల్ట్‌హార్న్‌కు ముర్రెన్ ఊరి దాకా ఉచితం, పైకి సగం. యుంగ్‌ఫ్రౌయోఖ్‌కు (యుంగ్‌ఫ్రౌ శిఖరం పక్కన రైలు చేరే కనుమ) గ్రిండెల్వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితం, ఆ పైన 25 శాతమే తగ్గింపు. ఇంటర్లాకెన్ నుంచి దానికి రానుపోను పూర్తి ధర వేసవిలో 200 ఫ్రాంకులు దాటుతుంది కాబట్టి, ఆ పాతిక శాతం తీసేసినా చేతిచమురు బాగానే వదులుతుంది. అదే నెల రోజుల హాఫ్ ఫేర్ కార్డ్‌తో (2024లో 120 ఫ్రాంకులు) యుంగ్‌ఫ్రౌకైనా, టిట్లిస్‌కైనా సగమే. రెండు పెద్ద కొండలే మీ పట్టీలో ఉంటే కార్డ్ కొనండి, పాస్ జోలికి పోవద్దు.

మరి పాస్ ఎందుకు కొనాలంటే, పొద్దున లేచి ఆకాశం చూసి కొండను ఎంచుకోవచ్చు. ఆల్ప్స్‌లో దీనికున్న విలువ వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. ముందే కొన్న పెద్ద టికెట్ చేతిలో ఉంటే, పైన మబ్బు కమ్మినా పోక తప్పదు. యుంగ్‌ఫ్రౌయోఖ్‌లో 3,454 మీటర్ల ఎత్తున తెల్లగోడ లాంటి మబ్బు తప్ప ఏమీ కనబడకపోయినా డబ్బు తిరిగి రాదు. ప్రతి కొండ మీదా వెబ్‌క్యామ్ ఉంది. ఏడు గంటలకు అది చూసి, ఇక్కడ మబ్బుంటే అక్కడికి అని దారి మార్చుకోవచ్చు.

మబ్బు లెక్క కొంచెం తెలిసి ఉండాలి. వేసవిలో లోయల్లో గాలి వేడెక్కి పైకి లేచి మధ్యాహ్నానికి శిఖరాల చుట్టూ మబ్బు కడుతుంది. అందుకే మొదటి బండికి పోయినవాళ్లకు కనిపించిన కొండ, భోజనాల వేళకు పోయినవాళ్లకు కనబడదు. దసరా సెలవుల్లో పోతే లెక్క తిరగబడుతుంది. చల్లగాలి లోయలో కూర్చుండిపోయి ఊరంతా పొగమంచు, పైన మాత్రం నీలాకాశం. లూసర్న్‌లో కిటికీ తీసి "ఈరోజు ఏమీ కనబడదు" అని పడుకున్నవాళ్లు, అదే పొద్దున రీగి మీద మబ్బుల సముద్రాన్ని పోగొట్టుకున్నట్టే. కిటికీని నమ్మవద్దు, వెబ్‌క్యామ్‌ను నమ్మండి. ఇక దక్షిణం నుంచి ఫ్యోన్ (Föhn) అనే వెచ్చని గాలి గట్టిగా వీచిన రోజున ఆకాశం అద్దంలా ఉన్నా కేబుల్ కార్లు ఆపేస్తారు. అలాంటి రోజుకు పళ్ల పట్టాల మీద నడిచే రైలున్న కొండే దిక్కు.

పాస్ విలువ పూర్తిగా రాబట్టే రోజు రీగి రోజు. ఎత్తు 1,798 మీటర్లే కాబట్టి గుండె, బీపీ ఉన్న పెద్దవాళ్లకూ ఇబ్బంది తక్కువ. లూసర్న్ స్టేషన్ ఎదురుగానే పడవల రేవు. విట్స్‌నావ్ దాకా దాదాపు గంట ప్రయాణం. రెండో తరగతి పాస్ ఉన్నవాళ్లు కింది అంతస్తులోనే కూర్చోవాలి. పైడెక్ మొదటి తరగతి, అక్కడ తనిఖీ చేస్తారు. విట్స్‌నావ్‌లో దిగీ దిగగానే ఎదురుగా ఎర్ర రైలు. 1871లో మొదలైన ఈ దారి యూరప్‌లోనే మొదటి కొండ రైలు. పైకి పోయేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే సరస్సు కనిపిస్తుంది. అరగంటలో రీగి కుల్మ్. స్టేషన్ నుంచి శిఖరానికి ఏటవాలు బాట, నిదానంగా నడిచినా పది, పదిహేను నిమిషాలు.

దిగేటప్పుడు వచ్చిన దారినే పోవద్దు. రెండు మార్గాలున్నాయి. నీలం రైల్లో అవతలి వైపు ఆర్ట్-గోల్డావ్ దిగి అక్కడి నుంచి లూసర్న్ రైలెక్కడం ఒకటి. రీగి కాల్ట్‌బాద్‌లో దిగి కేబుల్ కారులో వెగ్గిస్‌కు, అక్కడి నుంచి పడవలో లూసర్న్‌కు రావడం రెండోది. రెండోది అందం, కానీ వెగ్గిస్‌లో కేబుల్ కారు దిగాక రేవు దాకా దాదాపు పావుగంట దిగుడు రోడ్డు నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మొదటిదే మేలు. పడవ, రైలు, కేబుల్ కారు, మళ్లీ పడవ, అన్నీ పాస్‌లోనే.

స్టాన్సర్‌హార్న్ సగం రోజు పని. 1893 నాటి చెక్కబండి ముందు, తర్వాత 2012లో వచ్చిన పైకప్పు లేని రెండంతస్తుల కేబుల్ కారు. పై అంతస్తులో 30 మందికే చోటు, గాలి గట్టిగా కొడుతుంది, తలకు మఫ్లరు కట్టుకోవాలి. చలికాలం మూసేస్తారు.

ఇంటర్లాకెన్ వైపు పోతే లౌటర్‌బ్రున్నెన్ లోయకు ఒక పూర్తి రోజు ఇవ్వండి. గండికోటలో పెన్నా లోయ గోడలు చూసినవాళ్లకు దీని లెక్క సులువుగా అందుతుంది. అక్కడ లోతును అడుగుల్లో చెప్పుకుంటాం. ఇక్కడ ఒక్క స్టౌబాఖ్ జలపాతమే 297 మీటర్లు. లోయలో నుంచి కేబుల్ కారు, ఆపై చిన్న రైలు ఎక్కి ముర్రెన్ పోవచ్చు, మొత్తం ఉచితం. కార్లు తిరగని ఆ ఊళ్లో నిలబడితే ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ మూడూ ఎదురుగా కనిపిస్తాయి.  అందుకే ఖర్చు చూసుకునేవాళ్లకు యుంగ్‌ఫ్రౌయోఖ్ బదులు ముర్రెన్ చెప్పడం తప్పేమీ కాదు. ట్రుమ్మెల్‌బాఖ్ కూడా ఈ లోయలోనే ఉంది. మూడు శిఖరాల హిమనదాల నీళ్లు కొండ కడుపులోంచి, సెకనుకు 20,000 లీటర్ల దాకా, ఉరుముతూ దూకుతాయి. బస్సు పాస్‌లో వస్తుంది, ప్రవేశ టికెట్ రాదు. లోపల మెట్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి, చెప్పులతో పోవద్దు. 4 ఏళ్లలోపు పిల్లలను లోపలికి రానివ్వరు.

ఈ దారిలో చాలామంది తప్పేది ఒకచోట. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో ఒకే రైలు కనిపిస్తుంది, కానీ దారిలో ట్స్వైలూచినెన్ స్టేషన్‌లో అది రెండుగా విడిపోతుంది. సగం పెట్టెలు లౌటర్‌బ్రున్నెన్‌కు, సగం గ్రిండెల్వాల్డ్‌కు. పెట్టె మీద రాసిన ఊరు చూసి ఎక్కాలి. ఒకరు ఒక పెట్టెలో, సామాన్లు ఇంకో పెట్టెలో పెట్టుకుంటే రెండు లోయల్లో తేలతారు.

అయినా యుంగ్‌ఫ్రౌయోఖ్ చూడాల్సిందే అంటే, ఈ పద్ధతిలో పోండి. గ్రిండెల్వాల్డ్ టెర్మినల్‌లో దిగి, 2020 డిసెంబరులో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ గొండోలా ఎక్కితే 15 నిమిషాల్లో ఐగర్‌గ్లెచర్ (2,320 మీటర్లు). అక్కడి నుంచి కొండను తొలిచి 1912లో పూర్తిచేసిన సొరంగంలో రైలు. వేసవి నెలల్లో ఈ రైలుకు సీటు రిజర్వేషన్ విడిగా చేసుకోవాలి, లేకపోతే వరసలో నిలబెడతారు. రిజర్వేషన్ ముందురోజు సాయంత్రం వాతావరణం చూశాకే చేయండి. వచ్చేటప్పుడు క్లైనె షైడెగ్, వెంగెన్ మీదుగా దిగితే క్లైనె షైడెగ్ దగ్గర ఐగర్ ఉత్తర గోడ కనిపిస్తుంది. టికెట్ కొనేటప్పుడే ఆ దారి చెప్పాలి.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అనంతపురం 350 మీటర్ల ఎత్తు కూడా లేదు. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. రెండు గంటల లోపే అంత ఎత్తుకు పోతే తలనొప్పి, కళ్లు తిరగడం మామూలే. మెట్లు చకచకా ఎక్కవద్దు, నీళ్లు తాగుతూ ఉండాలి, తగ్గకపోతే కిందికి దిగడమే మందు. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగి పోవాలి, చంటిపిల్లలను తీసుకుపోవద్దు. ఇంటి దగ్గర 40 డిగ్రీల ఎండలో సర్దిన పెట్టెలో చలిబట్టలు మరిచిపోతారు. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, పైన జూలైలోనూ సున్నా చుట్టుపక్కలే. చీర కట్టుకునేవాళ్లు లోపల థర్మల్ వేసుకుంటే సరి. నల్ల కళ్లద్దాలు మాత్రం సోకు కాదు, మంచు మీది వెలుగుకు కళ్లు మండుతాయి.

వాడకంలో ఇంకొన్ని మెలికలు. వరస పాస్‌లో రోజంటే తేదీ, 24 గంటలు కాదు. సాయంత్రం జూరిక్‌లో దిగి ఆరోజే పాస్ మొదలుపెడితే ఒక రోజు గంగపాలు. ఆ పూటకు హోటల్ దాకా విడి టికెట్ కొనుక్కోండి. మామూలు రైళ్లలో సీటు నంబర్లుండవు, పెట్టె మీద 2 అని ఉన్నదాంట్లో ఎక్కడైనా కూర్చోవచ్చు, 1 అని ఉన్నదాంట్లో కూర్చుంటే జరిమానా. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే పర్యాటక రైలుకు పాస్ ఉన్నా సీటు రుసుము తప్పదు. ఏప్రిల్, నవంబరు నెలల్లో చాలా కేబుల్ కార్లను మరమ్మతుకు ఆపుతారు, కాబట్టి పరీక్షలు అయిన వెంటనే ఏప్రిల్‌లో బయల్దేరేకంటే మే రెండో సగం మేలు. పాస్ ఫోన్‌లో ఉన్నా తనిఖీకి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు అడగొచ్చు, అందుకని పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన గొడవ ఇక్కడే బయటపడుతుంది.

తిండి ఖర్చు పాస్ ఖర్చుతో పోటీ పడుతుంది. చెనక్కాయల పొడి, ఊరగాయ, చెనక్కాయ ఉంటలు తీసుకుపోవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు వద్దు, మన దేశం నుంచి పాల, మాంసం పదార్థాలు అక్కడికి తీసుకుపోకూడదు. ఊళ్లలోని నీళ్ల తొట్ల దగ్గర, తాగవద్దని బోర్డు లేకపోతే, సీసా నింపుకోవచ్చు. రైస్ కుక్కర్ తీసుకుపోయేవాళ్లు ప్లగ్గు చూసుకోవాలి: సన్నటి రెండు పుల్లలది పడుతుంది, మన మూడు పుల్లలది పట్టదు. అడాప్టర్ కొనేటప్పుడు మామూలు యూరప్ గుండ్రటిది కాకుండా స్విట్జర్లాండ్‌ది అని అడిగి తీసుకోండి, అక్కడి సాకెట్ ఆకారం వేరు.